బదులు గంట

కాబట్టి నిన్న రాసినదాంట్లో ఒక చోటు మార్చాలి. అవ్వ ఏడుపు విన్నాక తాత చనిపోయాడని తెలిసింది అని రాశాను. అది సరి కాదు. అంతకు ముందే తెలిసింది. ఆ రోజు పొద్దున స్కూలుకి జడ వేసుకుని, ఎప్పటిలాగే మా రెండిళ్ళ మధ్య గోడ మీద వేలి కణుపుతో మూడుసార్లు కొట్టాను. అవతల నుంచి మూడు రావాలి. రాలేదు. గోడకి చెవి ఆనించాను. పాలు పొంగి మాడిన వాసన వస్తోంది కానీ దగ్గు వినబడలేదు. తాత ఉన్నాడంటే దగ్గు ఉండాలి. అప్పుడే తెలిసింది. అవ్వ "లెయ్యయ్యా, ఎట్ల పండుకోనుండావు, లెయ్యి" అని అరిచింది ఆ తర్వాతే.

మీరు తాతని చూసి ఉండరు. అందుకే చెబుతున్నాను. ఆయన మాకు రక్తసంబంధం కాదు. ఆండర్సన్‌పేటలో బంగారు గని కూలీల కోసం వరసగా కట్టిన ఇళ్ళు ఉన్నాయి కదా, వాటిలో మా ఇల్లు, ఆయన, ఆయన భార్య అవ్వ ఉండే ఇల్లు ఒకే గోడని పంచుకుంటాయి. ఆయన గట్టిగా దగ్గితే మా అలమరలో గ్లాసులు కదిలేవి. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోయిందని డాక్టర్లు చెప్పారు. ఒక చెవి ఎప్పుడో పేలుడులో పోయింది. ఆ చెవి వైపు కూర్చుని మాట్లాడితే తాత తిట్టేవాడు.

గనిలో ఆయన గంట మనిషి. ఆ పని ఏమిటో నాకు ఎన్నోసార్లు చెప్పాడు. కూలీలు నిలబడే ఇనుప బోనుని కేజు అంటారు. దాన్ని తాడుతో దించే ఇంజన్ పైన ఎక్కడో వేరే గదిలో ఉంటుంది. ఇంజన్ నడిపే మనిషికి కేజు కనబడదు, అందులో ఎవరున్నారో కనబడదు. కింద తీగ లాగితే మోగే గంట ఒక్కటే వినబడుతుంది. మూడు గంటలంటే మనుషులు ఎక్కుతున్నారని. కేజు కదులుతున్నప్పుడు ఒక్క గంట కొడితే ఆపమని. అయితే ఇటు నుంచి గంట కొట్టగానే సరిపోదు. విన్నవాడు అదే గంట తిరిగి కొట్టాలి. అది బదులు గంట. అది వస్తేనే ఏదైనా కదలాలి.

"బదులు రాకముందే కదిలిందా, మనిషి పోయినట్లే" అనేవాడు తాత. "ప్రేమా గీమా ఏమీ వద్దు పాపా. విన్నానని చెప్పు, సాలు."

గనులు మూసేసింది నేను పుట్టకముందు. కేజు దిగే ఆ షాఫ్టు మీది పెద్ద చక్రం తుప్పు పట్టి ఇప్పటికీ మా వీధి చివర కనబడుతుంది. దాని వెనక బంగారం తీశాక పారబోసిన సైనైడ్ మన్ను దిబ్బ.

నాకు మాటలు చాలా ఆలస్యంగా వచ్చాయట. అంతవరకు ఒక చెంచా పట్టుకుని ఈ గోడని కొడుతూ ఉండేదాన్నట. చెంచా లాక్కుంటే తలతో కొట్టేదాన్నట. ఇదంతా అమ్మ ఒకే ఒక్కసారి చెప్పింది, పప్పు ఏరుతూ, తల ఎత్తకుండా. ఒకరోజు నేను ఎన్ని కొట్టానో అన్నీ అవతల నుంచి తిరిగి వచ్చాయట. నేను ఆగిపోయానట. మళ్ళీ కొట్టి, ఆగి, గోడ వైపు చూశానట. "నువ్వు ఇంగొకరి కోసరం కాసుకోనింది అదే మొదటిసారి" అంది అమ్మ. తర్వాత పప్పు చెరగడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది.

స్కూల్లో వేసినప్పుడు ఇంగ్లీషు తొందరగా వచ్చేసింది. లెక్కలు పై తరగతివి చేసేదాన్ని. కానీ మంచినీళ్ళు కావాలని అడగడం రాదు. పక్కన కూర్చున్న అమ్మాయి ఏడుస్తుంటే ఏం చేయాలో తెలియదు. మిస్ వాళ్ళు చెప్పగా నాన్న నన్ను పొద్దుటి రైల్లో బెంగళూరు తీసుకెళ్ళాడు. అక్కడ ఒక మేడమ్ నాకు రంగు దిమ్మలు, బొమ్మలు, ప్రశ్నలు ఇచ్చింది. అన్నీ అయిపోయాక ఇంకా ఇవ్వమన్నాను. తర్వాత ఒక అబ్బాయి ఫోటో చూపించి, ఇతనికి ఏమనిపిస్తోంది అని అడిగింది. వాడి చొక్కాకి ఒక గుండీ లేదని చెప్పాను.

మేడమ్ మంచిది. నాన్నకి నిదానంగా చెప్పింది. పాప తెలివి వయసుకి మించి ఉంది. మనుషులతో మెలగడం మాత్రం వయసు కంటే బాగా వెనక ఉంది. ఈ రెండూ వేరు వేరు. మొదటిది ఉంది కదా అని రెండోది దానంతట అది రాదు. నేర్పాలి, కొన్ని ఎంత నేర్పినా రావు, దానికి పాపని తిట్టకూడదు అంది. దాన్ని ఆటిజం అంటారని కూడా చెప్పింది.

తిరుగు రైల్లో బంగారపేట దాటాక నాన్న అన్నాడు: "ఈ మాట ఇల్లు దాటగూడదు. తెలిసిందా?"

తెలిసింది. అందుకే మరుసటి రోజు తాతని మా ఇంట్లోకి పిలిచి చెప్పాను.

తాత నవ్వి నవ్వి దగ్గు ఎక్కువై గోడ పట్టుకున్నాడు. తర్వాత అన్నాడు: "అట్లనా. ఇంజన్ బాగుండాది. గంట తీగ యాడో తెగిండాది. తీగ వేస్తే అయిపోయె."

ఆ విషయంలో తాత తప్పు. ఆయనకీ అది తర్వాత తెలిసింది. కానీ ఆ తప్పు నమ్మకంతోనే ఆయన నాకు నేర్పడం మొదలుపెట్టాడు. అప్పటికి వేరే ఎవరూ మొదలుపెట్టలేదు.

మొదట నేర్పింది "తిన్నావా" గురించి. మా వీధిలో అందరూ అడుగుతారు. నేను ఏం తిన్నానో, ఎంత తిన్నానో, అందులో ఏం బాగాలేదో చెప్పేదాన్ని. ఒకసారి పాలు పోసే ఆమె "ఏం పాపా, తిన్నావా?" అంటే, "ఉప్మా తిన్నాను, పురుగు ఉంది, అమ్మ తీసి పారేసి మళ్ళీ పెట్టింది" అన్నాను. అమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

"అది ప్రశ్న గాదు మే" అన్నాడు తాత. "గంట. నువ్వుండావా అని అడగతాండాది ఆయమ్మ. తిన్నాను, మీరు తిన్నారా అను. అంతే. పురుగు సంగతి ఎవురికి కావాల?"

"మరి ఆమె నిజంగా తిన్నదో లేదో నాకు తెలుసుకోవాలని లేదు."

"నాకు మాత్రం ఉండాదా? నలభై ఏండ్లుగా అడగతాండాను."

అది నాకు అర్థమైంది. దాంతో చాలా పనులు జరిగాయి. నమస్తే అంటే నమస్తే. బాగున్నావా అంటే బాగున్నాను, మీరు? కళ్ళ విషయంలో మాత్రం దెబ్బతిన్నాం. మాట్లాడేటప్పుడు కండ్లల్లో చూడాల అన్నాడు తాత. నేను హెడ్‌మిస్ట్రెస్ కళ్ళలోకి రెప్ప వేయకుండా చూశాను. ఆమె నన్ను పొగరుబోతు అని బయట నిలబెట్టింది. తాతకి చెప్పాను. ఆయన తల గోక్కుని, "తప్పు నాదే. ముక్కు చూడు, సాలు. వాళ్ళకేం తెల్సు" అన్నాడు. ఇప్పటికీ నేను అందరి ముక్కులే చూస్తాను. తాత ముక్కు మీద ఎడమ వైపు చిన్న నీలం మచ్చ ఉండేది. రాయి పగిలినప్పుడు గుచ్చుకుని చర్మంలో ఉండిపోయిన గని రాతి ముక్క.

ఆయన అందరితో మంచిగా ఉండేవాడని రాయలేను. టీ కొట్టు ఆయనతో చక్కెర ఎక్కువైందని, తక్కువైందని రోజూ గొడవ. పెళ్ళిళ్ళకి వెళ్ళేవాడు కాదు. మైకు పెడితే లేచి లోపలికి పోయేవాడు. అవ్వ "ఈయప్పకి మనిషే పడడు" అనేది. నాకు మాత్రం ఆయన పక్కన ఏమీ మాట్లాడకుండా కూర్చోవడం బాగుండేది. ఆయన ఎప్పుడూ నన్ను ముట్టుకోలేదు. ఒక్కసారి తప్ప.

అది సంతలో. బండివాళ్ళ అరుపులు, ఆటో హారన్లు, ఎండుచేపల వాసన, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. నేను చెవులు మూసుకుని కింద కూర్చుండిపోయాను. జనం చుట్టూ చేరి నీళ్ళు చల్లమంటున్నారు, చెప్పు వాసన చూపించమంటున్నారు. తాత వాళ్ళని మోచేత్తో తోసుకుని వచ్చి నా అరచేతి మీద ఒకే ఒక్కసారి కొట్టాడు. ఒకటి. ఆపు. నేను తిరిగి ఆయన అరచేతి మీద ఒకటి కొట్టాను. అప్పుడు ఇద్దరం లేచి సందులోకి వచ్చేశాం.

"ఆ గంట ఎవురైనా కొట్టొచ్చు" అని ఆ రోజు చెప్పాడు. "లేపమనేది, దించమనేది గంట మనిషే కొట్టాల. ఆపమనేది అట్ల గాదు. నిన్న చేరిన కూలోడైనా కొట్టొచ్చు. ఒకసారి ఒకడు సుమ్నే, ఊరికేనే భయపడి కొట్టేసినాడు. ఏమీ లేదు, చీకటంటే భయం వానికి. పై అధికారి వచ్చి తిట్టినాడు. నేను జెప్పినా, సామీ, భయమైతే కొట్టమనే గదా తీగ వేసిండేది అని."

నేను పైతరగతులకి వచ్చాక క్లాసులో నన్ను రోబో అనడం మొదలైంది. అప్పుడు తాతని అడిగాను, తీగ వేయడం ఎప్పటికి అయిపోతుందని. ఆయన చక్రం వైపు చూశాడు. "నీ తీగ తెగిపోలేదు పాపా. నీ గంటే వేరే. ఇంగొకరు నేర్చుకోవాల దాన్ని. నేనొక్కణ్ణే నేర్చుకుంటే సాలదు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన నేర్పాలని చూసింది నాకు కాదు, నా గంట గురించి ఇంట్లోవాళ్ళకి. అవ్వకి చెప్పబోతే, "ముసిలోనికి పని లేదు, గోడకి పెచ్చులు లేపతాండాడు" అని నవ్వింది. అమ్మకి చెప్పాడు. అమ్మ గరిటె పట్టుకుని విన్నది. ఒకరోజు నాన్నని వీధిలో ఆపి, "ఆ మాట దాచొద్దప్పా. దాస్తే రేపు ఇంగొక పేరు పెడతారు బిడ్డకి" అన్నాడు. ఆ మాట ఇల్లు దాటి ఆయన దాకా వెళ్ళిందని నాన్నకి అప్పుడే తెలిసింది. నాన్న ఆయనతో మాట్లాడటం మానేశాడు. పని నుంచి రైలు దిగి వచ్చేటప్పుడు అవతలి పక్కగా నడిచేవాడు.

చివరి నెలల్లో గోడ మీద దెబ్బలు మెత్తగా వచ్చేవి. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఒక దగ్గు. కానీ మూడూ వచ్చేవి.

ఇప్పుడు ఆ రోజు జరిగింది రాయాలి.

తాతని అద్దాల ఐస్ పెట్టెలో పెట్టి ఇంటి ముందు పందిరి కింద ఉంచారు. వచ్చిన ప్రతి ఆడమనిషీ అవ్వని పట్టుకుని గట్టిగా ఏడుస్తోంది. అవ్వ తిరిగి ఏడుస్తోంది. అది కూడా గంటే అని నాకు తెలిసింది. నేనూ ఏడవాలి. రాలేదు. తప్పెట్లు మొదలయ్యాయి. మోసేవాళ్ళు నలుగురు వచ్చి పెట్టె దగ్గర వంగారు.

తాత బతికే ఉన్నాడని నేను అనుకోలేదు. ఇది దయచేసి గుర్తుపెట్టుకోండి. చావంటే ఏమిటో నాకు తెలుసు. కానీ అన్నేళ్ళు ఆయన ఒక్క మనిషిని కూడా మూడు గంటలు లేకుండా, బదులు లేకుండా పంపలేదు. ఆయన్ని అలా ఎలా తీసుకుపోతారు? నేను వెళ్ళి పెట్టె మీద మూడుసార్లు కొట్టాను. బదులు ఇవ్వాల్సింది తాత కాదు. అక్కడున్న వాళ్ళలో ఎవరైనా. అవ్వ, అమ్మ, ఎవరో ఒకరు, దేని మీదైనా మూడు కొడితే చాలు.

ఎవరూ కొట్టలేదు. తప్పెట్లు ఆగిపోయాయి.

"ఎత్తొద్దు, బదులు రాలేదు" అన్నాను.

పెట్టె మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాను. మళ్ళీ కొట్టాను. ఎవరో ఆడమనిషి కేక వేసింది. "పీనుగుతో మాట్లాడతాండాది చూడండి!" ఇంకెవరో పిల్లల్ని వెనక్కి లాగారు. నాన్న వచ్చి నా రెక్క పట్టుకున్నాడు. పట్టుకుంటే నేను అరుస్తానని ఆయనకి తెలుసు. అరిచాను. చాలా అరిచాను. దాంతో నాకు గాలి పట్టిందా అన్న సందేహం అందరికీ తీరిపోయింది.

నన్ను ఇంట్లోకి తెచ్చాక, ఎవరో చెబితే టేకల్ నుంచి అత్త వచ్చింది. నాన్నకి అక్క. వచ్చి నా ముఖం చూసి, నేను ఆమె ముక్కు చూస్తే, "చూపు చూడప్పా, ఇది మన బిడ్డ చూపేనా? ఆ ముసిలోడే పట్టుకోనుండాడు. బతికుండంగానే గోడ కొట్టి పిలిచేవాడంట గదా" అంది. బూదికోట దాటి ఒక పల్లెలో మంత్రించే ఆయన ఉన్నాడట. అమావాస్య రోజు తీసుకుపోవాలట. "కట్టేసి నాలుగు వేపమండ దెబ్బలు పడితే ఎంత మొండి గాలైనా దిగతాది."

కట్టేయడం అంటే ఎవరో నన్ను పట్టుకుంటారు. చాలామంది పట్టుకుంటారు. నేను అరుస్తాను. అరిస్తే గాలి మాట్లాడుతోందంటారు. ఇంకా కొడతారు. దీనికి చివర ఎక్కడో నాకు తెలియడం లేదు. చివర తెలియనిదంటే నాకు భయం.

నాన్న ఒక్క మాట చెబితే ఇది ఆగిపోతుంది. బెంగళూరు మేడమ్ చెప్పిన మాట. నిన్న ఆయన అమ్మతో అంటుంటే వంటింట్లోంచి విన్నాను: "గాలంటే దిగిపోతాది, రేపు ఎవురూ అడగరు. ఆ మాట చెప్తే యాడికి పోతాది? జన్మంతా ఉంటాది." అమ్మ "బిడ్డని కొడతారంట" అంది. నాన్న బదులు చెప్పలేదు.

స్కూలు మాన్పించారు. నన్ను ఈ గదిలో ఉంచారు. లోపలి గొళ్ళెం నా వైపు ఉంది, వేసుకున్నాను, బయటి గొళ్ళెం వాళ్ళ వైపు. నేను కొట్టి కొట్టి గోడలో ఒక చోట పెచ్చు లేచి గుంటలా అయింది. దాని మీద క్యాలెండర్ వేలాడదీసి ఉంటుంది. ఈ కాగితాలు అక్కడే పెడుతున్నాను. ఎప్పుడో ఎవరో సున్నం కొట్టడానికి క్యాలెండర్ తీస్తారు. వాళ్ళే మీరు. అందుకే తాత ఎవరో మొదటినుంచీ చెప్పాను. ఆయన నన్ను పట్టుకోలేదు. ఆయన నాకు బదులు ఇచ్చాడు. అంతే చేశాడు. అది రాయకపోతే ఈ వీధిలో ఆయన పేరు దయ్యమైపోతుంది.

ఇందాక పొద్దున గోడ కొట్టి చూశాను. అవతల అవ్వ కదిలిన చప్పుడైంది, కానీ బదులు రాలేదు. భయపడి ఉంటుంది.

ఈ రోజు అమావాస్య. బయట వ్యాను వచ్చింది. ఇంజన్ ఆపకుండా నిలబెట్టారు. అత్త గొంతు వినబడుతోంది, నిమ్మకాయలు సంచిలో వేశారా అని అడుగుతోంది. నాన్న ముందు సీట్లో కూర్చున్నట్టున్నాడు, తలుపు వేసిన శబ్దం.

ఎవరో తలుపు కొడుతున్నారు.

మూడు.

సరిగ్గా తాత కొట్టే వరసలో. రెండోదానికీ మూడోదానికీ మధ్య దగ్గు పట్టేంత ఖాళీ కూడా ఉంది. "పాపా" అంది అమ్మ, మెల్లగా. అమ్మకి అది తెలుసని నాకు తెలియదు. ఇన్నేళ్ళూ వంటింట్లోంచి వింటూనే ఉందన్నమాట. అమ్మ నాతో నా గంటలో మాట్లాడుతోంది. కానీ మూడంటే మనుషులు ఎక్కుతున్నారని. నేను తిరిగి మూడు కొడితే కదిలిపోతుంది. అత్త చెప్పి కొట్టించిందో, అమ్మే కొట్టిందో నాకు తెలియడం లేదు. గొంతు బట్టి, ముఖం బట్టి తెలుసుకోవడం నాకు రాదు.

కానీ భయమైతే కొట్టమనే తీగ వేసింది.

తలుపు మీద ఒకటి కొట్టాను.

అవతల మాటలు ఆగాయి. "ఏమంటాది?" అంది అత్త. అమ్మ గాజులు తలుపుకి తగిలాయి.

ఒకటి. ఒకే ఒక్కటి. బదులు.

కాగితాలు మడుస్తున్నాను. అత్త తలుపు తోస్తోంది, అమ్మ ఏదో అంటోంది, గట్టిగా, ఇంతకుముందు ఎప్పుడూ వినని గొంతుతో. క్యాలెండర్ ఎత్తాను. బయట వ్యాను ఇంజన్ ఇంకా ఆగలేదు.